కొయ్యని వేలు

కొవ్వూరు,
మంగళవారం.

చిరంజీవి ఎజ్రాకు మీ అమ్మ దేవకుమారి దీవించి వ్రాయునది.

ఇక్కడ ఆశా, బుజ్జమ్మా, నేనూ దేవుని కృపలో కులాసాగానే ఉన్నాం. అక్కడ గుజరాత్‌లో నువ్వూ, నీ రొయ్యల చెరువులూ, నీతో పనిచేసేవాళ్ళూ క్షేమమని తలుస్తాను. కులాసా అని రాశానని అమ్మ ధైర్యంగా ఉందనుకోకు. నా సంగతి నీకు తెలుసు. పాలు పొంగితే గుండె దడ, ఎంతకీ పొంగకపోయినా దడే.

నీతో పనిచేసే వెంకన్న మొన్న ఆదివారం గుడి వదిలే వేళకి వచ్చాడు. నీ ఉత్తరమూ, కవరూ, ఆ గుజరాతీ రొట్టెల పొట్లమూ ఇచ్చాడు. రొట్టెలేంట్రా అవి, ఎండిన అప్పడాల్లాగా! నావి కట్టుడుపళ్ళని తెలిసీ పంపావు. పాలల్లో నానేసుకుని తింటున్నాను, బాగానే ఉన్నాయి. వెంకన్న గురువారం పొద్దున్నే నిడదవోలులో రైలెక్కుతాడట. ఈ కాయితాలు పోస్టులో వేద్దామా అంటే, "మా చెరువుల దగ్గరికి పోస్టుమాన్ ఎక్కడొస్తాడు పిన్నీ, కొంగలొస్తాయంతే" అన్నాడు. అందుకని వాడి చేతికే ఇస్తాను. శనివారానికి నీకు అందుతుంది.

"అమ్మా, ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నాకు మాట రాదు, అందుకే రాస్తున్నాను" అని రాశావు. మంచిపని చేశావు. నాకూ ఇదే నయం. నాలుగో తరగతితో ఆగిపోయినదాన్ని, వాక్యం చదువుకోడానికి తప్ప అక్షరం జోలికి పోనిదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఒక్కో కాయితానికి గంట పడుతోంది.

నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. ఒక్కరోజు మరిచిపోయాను, అది నీ దాకా మోసేసింది నీ పెళ్ళాం ఆశ. బుజ్జమ్మ బోర్లా పడుతోంది. పడి, తలెత్తి నన్ను చూసి, పాస్టరుగారు ప్రసంగానికి ముందు గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేస్తుంది. అది వినడానికి నువ్వు ఇక్కడ లేవే అనిపిస్తుంది. రెబెక్కా అన్న పేరు నువ్వు ఎంచిపెట్టావు గాని, బాప్తిస్మం అయ్యేదాకా మాకు బుజ్జమ్మే.

దాని వేళ్ళ సంగతి అడిగావు. ఆ కాయలు పెరిగాయా, తగ్గాయా అని. రోజూ చూసే కంటికి ఏం తెలుస్తుంది నాయనా? కుడిచేతి మధ్యవేలి చివరి కణుపు మీదది నానిన శనగగింజంత ఉంది. ఉంగరం వేలి పక్కనున్నది కందిగింజంత. నున్నగా, కాస్త ఎర్రగా, గట్టిగా ఉంటాయి. నొక్కినా ఏడవదు. ఆ చేత్తోనే నా ముక్కు పట్టుకుని లాగుతుంది. కంటిని నమ్మలేక నేనొక పని చేస్తున్నాను. ప్రతి ఆదివారం ఆ పెద్దకాయ చుట్టూ కుట్టుదారం ఒక్క చుట్టు వదులుగా తిప్పి, కొలత తెంపి, కీర్తనల పుస్తకంలో పెడుతున్నాను. కట్టడం లేదురా, కంగారుపడకు, కొలిచి తీసేస్తాను. వారానికొకసారి అని ఆశకి చెప్పాను. నిజానికి రోజూ కొలుస్తున్నాను. పుస్తకం తెరిస్తే దారాలే రాలుతున్నాయి. చివరి మూడు ఆదివారాల దారాలూ పక్కపక్కన పెట్టి చూశాను. మూడూ ఒకటే పొడుగు.

ఇక నీ అసలు మాట. కాకినాడ పెద్దాసుపత్రి డాక్టరమ్మ కొయ్యద్దంది. సూదిమొనంత ముక్క తీసి పరీక్షకి పంపి, కాయితం వచ్చాక మమ్మల్ని కూచోబెట్టి నెమ్మదిగా చెప్పింది. దానికేదో చాంతాడంత పేరుంది, నాకు నోరు తిరగలేదు. ఎక్కడో గాని రాదట, చంటిపిల్లలకే వస్తుందట, చేతి వేళ్ళకీ కాలి వేళ్ళకీ వస్తుందట. బొటనవేలిని మాత్రం వదిలేస్తుందట. క్యాన్సరు కాదు, ప్రాణానికి ఏమీ కాదు. "కోస్తే చాలామందికి మళ్ళీ అక్కడే వస్తుంది మామ్మగారూ. వదిలేస్తే రెండు మూడేళ్ళలో చాలావరకు దానంతటదే తగ్గుతుంది. మూడు నెలలకోసారి తీసుకురండి. వేలు వంగిపోతున్నట్టు కనబడితే అప్పుడు ఆలోచిద్దాం" అంది. రాజమండ్రిలో నువ్వు మాట్లాడిన డాక్టరుగారేమో, "చిన్నపని, కోసేద్దాం" అన్నారు. నువ్వు ఆ రెండో మాటే పట్టుకున్నావు. వచ్చే సోమవారం ఆపరేషను పెట్టించావు. క్రిస్మస్ ముందు ఆదివారం బాప్తిస్మానికి పుండు మానిపోవాలన్నావు. తండ్రి సంతకం కావాలన్నారని, కాయితం మీద సంతకం పెట్టి కవర్లో పంపావు.

నీ ఉత్తరంలో ఒక చోట ఇలా రాశావు. "నా వేలు చూసి బళ్ళో అందరూ కొక్కెం కొక్కెం అని పిలిచారు. నా కూతుర్ని ఎవడూ ఆ మాట అనకూడదు." ఆ లైను దగ్గరికి వచ్చేసరికి నాకు కళ్ళజోడు మసకబారిపోయింది. మూడుసార్లు తుడుచుకుని చదివాను.

ఇంకొకటి అడిగావు. ఆశ ఫోన్లో సరిగ్గా మాట్లాడటం లేదేంటి, నా మీద కోపమా అని. నీ మీద కాదు నాయనా. చెబుతాను విను.

బుజ్జమ్మ చేతికి నేనే గుడ్డ తొడుగులు కుట్టి వేస్తున్నాను. రెండు నెలల కిందట పక్కింటి ఉషారాణి వచ్చి అరుగు మీద కూచుంది. "ఏంటి వదినగారూ, ఇంత ఉక్కలో పిల్ల చేతులకి ఆ సంచులేంటండీ, ఉప్పు పొట్లాల్లాగా?" అంది. గీరుకుంటోందమ్మా అన్నాను. పిల్ల ఊరుకుందా! నోటితో లాగేసింది. ఉషారాణి చూసింది. "ఓరి దేవుడా, ఇదేంటండీ బాబూ!" అని చెయ్యి పట్టుకుంది. ఏదో ఒకటి చెప్పాలి. చెప్పాను. "ఏం చెప్పమంటావు ఉషా. ఏడో నెల దాకా మా కోడలు ఆ షెడ్డులో ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచింది. వద్దంటే విందా?" అన్నాను.

నేను వద్దనలేదు. నీకూ తెలుసు, ఆశకీ తెలుసు. ఆ షెడ్డు వ్యాన్ వచ్చినప్పుడు క్యారేజీ అందించినదాన్ని నేనే.

ఆశ దండెం దగ్గర బట్టలు ఆరేస్తోంది. విన్నది. ఆ రోజు నుంచీ పిల్లని ఎత్తుకోబోయే ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటోంది. కడుక్కున్నాక మళ్ళీ కడుక్కుంటోంది. వేళ్ళ సందులన్నీ పగిలిపోయాయి. కాకినాడలో డాక్టరమ్మని అడిగింది కూడా, "రొయ్యల షెడ్డులో చేశానండి, అందువల్లా అండి?" అని. "కాదమ్మా, దానికీ దీనికీ ఏ సంబంధం లేదు. నువ్వు చేసిన తప్పేమీ లేదు" అంది ఆవిడ. అప్పుడు ఆశ నా మొహంలోకి చూసింది. నేను ఔనని తలూపితే నమ్మేది. నేను గోడమీద క్యాలెండరు చూశాను.

డాక్టరమ్మ నన్నూ అడిగింది. "మామ్మగారూ, మీ ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఇలాంటివి వచ్చాయా? మామూలుగా వంశంలో రాదు, అయినా అడగడం మా పద్ధతి" అంది.

లేదండి అన్నాను.

బుధవారం.

నిన్న అక్కడ ఆపేసి పెరట్లోకి పోయి గిన్నెలు తోమాను. "అత్తయ్యగారూ, అవి నేను తోమేశానండీ" అంది ఆశ. తోమినవే తోముతున్నానని అప్పటిదాకా నాకు తెలియలేదు. ఇవాళ రాయకపోతే ఇక రాయలేను. రేపు పొద్దున్న వెంకన్న వెళ్ళిపోతాడు, సోమవారం వచ్చేస్తుంది. ఎజ్రా, కూచుని చదువు. నిలబడి చదవకు.

నీ ఎడమచేతి ఉంగరం వేలు సైకిల్ చైన్లో పడలేదు.

నీకు నాలుగో నెల వెళ్ళాక ఆ వేలి చివరి కణుపు మీద కాయ లేచింది. నెల తిరక్కుండా పక్కన చిటికెన వేలి మీద ఇంకోటి. బుజ్జమ్మకి ఎలా ఉన్నాయో అలాగే. ఆ ఎరుపు, ఆ నునుపు, ఆ గట్టిదనం. బుజ్జమ్మ చేతిమీద మొదటిది చూసినప్పుడు నేను కిందపడి మోకాలు కొట్టుకున్నానని నీకు ఫోన్లో చెప్పారు గుర్తుందా? ఎండదెబ్బ అన్నారు. ఎండదెబ్బ కాదు.

అప్పుడు మనం గోదారి నడుమ లంకలో ఉండేవాళ్ళం. మీ నాన్నగారు మిషన్ బళ్ళో బంట్రోతు. వేళ్ళమీద బొబ్బ లేస్తే ఆ రోజుల్లో జనం నోట ఒకటే మాట వచ్చేది, పెద్దరోగం, అంటే కుష్టు అని. అప్పటికి రెండేళ్ళ ముందు మా వీధిలోనే ఒకాయనకి అలా పేరు పెట్టి, ఆయన పెళ్ళాన్ని బావి దగ్గరికి రానివ్వలేదు. ఆవిడ బిందె పట్టుకుని ఎవరైనా తోడి పోస్తారేమోనని నిలబడి ఉండటం నేను చూశాను. నేనూ తోడి పొయ్యలేదు. నీ వేలు చూసినప్పుడల్లా నాకు ఆ బిందె కనబడేది. పిల్లలున్న బళ్ళో మీ నాన్నని ఉంచుతారా? నిన్ను ఆ బళ్ళోకి రానిస్తారా? అన్నం తింటూంటే అదే. ప్రార్థనలో కూచుంటే అదే.

మీ నాన్నగారు వద్దన్నారు. ఇది బాగా చదువు. "దేవమ్మా, పిల్లాడు ఏడవటం లేదు, జ్వరం లేదు, పాలు తాగుతున్నాడు. కొన్నాళ్ళు చూద్దాం. కాకినాడ తీసికెళ్దాం, పెద్ద డాక్టరుకి చూపిద్దాం" అన్నారు. చూద్దాం అన్న మాట నేను వినలేను నాయనా. అప్పుడూ వినలేను, ఇప్పుడూ వినలేను. ఆయన బడికి వెళ్ళిన పూట చూసి, నిన్ను చీరకొంగులో చుట్టుకుని, పడవ దాటి అవతలి ఊళ్ళో ఒకాయన దగ్గరికి పోయాను. ఒకప్పుడు కంపౌండరుగా చేసి మానేసినాయన. చుట్టుపక్కల అందరూ డాక్టరుగారనే అనేవారు. "పులిపిరికాయ లాంటిదేనమ్మా, గిల్లేస్తే పోతుంది" అన్నాడు.

నీ చెయ్యి కదలకుండా పట్టుకున్నది నేనే.

ఇదొక్కటి రాయడానికే రెండురోజుల నుంచి ఇంత సోది రాశాను.

మూడు వారాలకి అది మళ్ళీ వచ్చింది, ముందుకంటే పెద్దగా. అప్పుడైనా ఆగానా? మళ్ళీ పడవెక్కాను. ఈసారి లోతుగా కోశాడు. కట్టు విప్పేసరికి వేలు లోపలికి వంగిపోయి ఉంది. ఎంత చాపినా చాపుకోలేదు. మీ నాన్నగారు ఆ చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. నన్ను తిడతారనుకున్నాను, కొడతారనుకున్నాను. "ఎవరైనా అడిగితే సైకిల్ చైన్లో పడిందని చెప్పు. నేనే చూసుకోలేదని చెప్పు" అన్నారు. అంతే. ఆ తరువాత ఆ మనిషి ఏ పిల్లాణ్ణీ సైకిల్ ఎక్కించుకోలేదు. అడిగినవాళ్ళకి "నా సైకిల్ మంచిది కాదులే అబ్బాయ్" అనేవారు. లేని ప్రమాదానికి ఆయన ముప్పై ఏళ్ళు జాగ్రత్తపడ్డారు.

నీకు ఇరవై ఏళ్ళప్పుడు పోలీసు సెలక్షన్లో పరుగు నెగ్గి, ఎత్తు నెగ్గి, వేలు చాపుకోవటం లేదని పక్కన పెడితే, ఇంటికొచ్చి గుమ్మంలోనే అరిచావు. "నీ సైకిల్ వల్లే నాన్నా! నన్ను పట్టుకోడం కూడా చేతకాలేదా?" అని. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చెప్పెయ్యాలని లేచాను. మీ నాన్న నా వైపు చూసి కళ్ళతోనే కూచోమన్నారు. "అవున్రా, నాదే తప్పు" అన్నారు. నేను కూచున్నాను. చెప్పు చెప్పు అని ఒక పక్క, నోరు మూసుకో అని ఒక పక్క. నోరు మూసుకోవడమే గెలిచింది. మీ నాన్న పెట్టె మూసేటప్పుడు కూడా చెబుదామనుకున్నాను. అప్పుడిక నీకు నేనొక్కదాన్నే మిగిలాను. నన్నూ విరిచేసుకుంటావేమోనని భయపడ్డాను. ఆ భయంతో ఆరేళ్ళు గడిపేశాను.

ఇక చిటికెన వేలి సంగతి. నీకు తెలియాల్సింది ఇదే. దీనికోసమే మిగతాదంతా రాశాను.

దాన్ని కూడా కోయిద్దామని రోజు చెప్పించుకుని వచ్చాను. ఒక వేలు పోయినా బుద్ధి రాలేదు చూడు. ఈలోగా ఎనభై ఆరు వరద వచ్చింది. ఆగస్టు నెల. మనల్ని పడవలమీద గట్టుకి చేర్చారు. రేవు లేదు, దాటే పడవ లేదు, అవతల ఆ కంపౌండరు ఇల్లు ఉందో లేదో తెలియదు. బడి వరండాలో పట్టా కింద నెలా పదిహేను రోజులు ఉన్నాం. నీ చిటికెన వేలు పట్టుకుని రోజూ ఏడ్చేదాన్ని, ఇది పెరిగిపోతోంది, గోదారి తగ్గటం లేదు అని. లంకకి తిరిగొచ్చి ఇల్లు నిలబెట్టుకునేసరికి క్రిస్మస్ వచ్చేసింది. ఆయన ఆ ఊరు వదిలి ఎటో పోయాడన్నారు. కాయ అలాగే ఉంది. పెరగలేదు. నీకు ఏడాదిన్నర వచ్చేసరికి మెత్తబడింది. రెండేళ్ళు దాటాక ఒకరోజు నీకు స్నానం చేయిస్తూ వెతికితే దొరకలేదు. తెల్లటి మచ్చ ఒకటి, బియ్యపు గింజంత. ఇదేంటమ్మా అని పెద్దయ్యాక అడిగితే దోమ కుట్టిందని చెప్పాను.

ఎజ్రా, నీ ఎడమచెయ్యి ముందుకు పెట్టి ఆ రెండు వేళ్ళూ చూసుకో. ఒకటి అమ్మ కోయించింది. ఒకటి అమ్మ కోయించలేకపోయింది. చదువురాని వాడికైనా తెలిసిపోతుంది.

ఇన్నాళ్ళూ ఆ కంపౌండరునే తిట్టుకున్నాను. ఆయన చేతిలో బ్లేడుంది నిజమే. దాని దగ్గరికి నిన్ను రెండుసార్లు మోసుకెళ్ళింది నా కంగారు. ఇప్పుడు నీ ఉత్తరంలో అదే కంగారు కనబడింది నాకు. నీ చేతిరాతలో నా గుండెదడ చూశాను. నా రక్తం నీకు ఇంకేమిచ్చిందో ఇవ్వలేదో, ఇది మాత్రం ఇచ్చింది.

ఇంకో తప్పు కూడా చేశాను, అదీ చెప్పేస్తాను. నువ్వు సంతకం పెట్టిన కాయితం ఆశకి ఇవ్వలేదు. వెంకన్న ఇచ్చిన కవర్లోంచి తీసి కీర్తనల పుస్తకంలో దారాల మధ్య దాచాను. "మీ అబ్బాయి కాయితం పంపుతానన్నారండీ, వచ్చిందా?" అని రెండుసార్లు అడిగింది. రాలేదన్నాను. సోమవారం ఎలాగూ కాయితం లేకుండా కొయ్యరు గదా అని నా పిచ్చి ఎత్తు. నలభై ఏళ్ళ కిందట మీ నాన్నకి తెలియకుండా తీసికెళ్ళి కోయించాను. ఇప్పుడు నీకు తెలియకుండా ఆపబోయాను. మంచికైనా చెడుకైనా నాకు దొంగతనమే చేతవును అనిపించి సిగ్గేసింది.

అందుకని ఇందాకటిదాకా రాసిన కాయితాలన్నీ తీసుకెళ్ళి ఆశ చేతికిచ్చాను. నోటితో చెప్పలేను, చదువుకోమ్మా అన్నాను. పిల్లని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూచుని చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటి కాయితం తీసింది. నేను దేవుడి వాక్యం తెరిచి పెట్టుకున్నాను గాని ఒక్క అక్షరం కనబడలేదు. ఉత్తరంలో లేని తప్పులు ఇంకేమున్నాయా అని వెతుక్కుంటున్నాను.

చివరికి, "అత్తయ్యగారూ, డాక్టరమ్మ అడిగినప్పుడు నేను మీ పక్కనే ఉన్నానండి" అంది.

"అవునమ్మా" అన్నాను.

"ఉషారాణి పిన్నిగారితో అన్నప్పుడూ ఉన్నాను."

"ఉన్నావమ్మా."

"నా చేత రోజుకి ఇరవైసార్లు చేతులు కడిగించారండి మీరు."

కాళ్ళు పట్టుకుందామని వంగితే, "ఊరుకోండి, మీ మోకాలు పట్టేస్తే మళ్ళీ నేనే లేవదియ్యాలి" అని భుజం పట్టుకుని ఆపింది. ఏడుస్తూనే అంది ఆ మాట. "నాకు క్షమాపణలొద్దండి. ఆవిణ్ణి పిలవండి. అప్పుడు నా వెనకాల అన్నది ఇప్పుడు నా ముందు విప్పండి."

పిలిచాను. ఉషారాణి చేతిలో చేటతోటే వచ్చింది. రొయ్యలమాట అబద్ధం ఉషా, దీనికీ ఆశ పనికీ సంబంధం లేదని డాక్టరమ్మే చెప్పింది, మా ఎజ్రాకీ చిన్నప్పుడు ఇవే వచ్చాయి, నేనే దాచాను అని చెప్పాను. ఉషారాణి నోరు తెరుచుకుని వింది. "అయితే రొయ్యల వల్ల కాదా అండీ?" అంది.

"కాదు."

"ఎంత పని చేశారు వదినగారూ! మా కోడలికి నెల తప్పిందని మీ మాట పట్టుకుని రెండు నెలల నుంచి మా ఇంట్లో రొయ్య అన్నది వండలేదు. మా ఆయన బెండకాయ తిని తిని నన్ను చంపేస్తున్నాడు!" అంది.

ఆశ నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని. ఉషారాణి బుజ్జమ్మ చెయ్యి పట్టుకుని ఆ కాయని తన పెదవులకి ఆనించుకుంది. "ఏంటే నీ గొప్ప, పుట్టీపుట్టగానే రెండు ముత్యాలుంగరాలా?" అంది. నేను ఇన్నాళ్ళూ ఆ మనిషికి భయపడి తొడుగులు కుట్టాను.

సంతకం కాయితం ఆశకి ఇచ్చేశాను. మడత విప్పి చూసి, మళ్ళీ మడిచి, "ఇది ఆయనకే పంపెయ్యండి. అన్నీ తెలియక పెట్టిన సంతకం ఇది. తెలిశాక ఆయన ఇష్టం. నేను మాత్రం నా పిల్లని సోమవారం రాజమండ్రి వంతెన దాటించనండి" అంది. నీ పెళ్ళానికి ఇంత గట్టి గొంతు ఉందని నాకు తెలియదు. నాకు ఆ వయసులో ఆ గొంతు లేకపోయింది. అందుకని ఆ కాయితం ఈ ఉత్తరంతోనే పెడుతున్నాను. జనవరిలో కాకినాడ డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం తీసికెళ్తాం. ఈసారి అడిగితే అడిగినట్టు చెబుతాను. అడక్కపోయినా చెబుతాను. వేలు వంగుతోందని ఆవిడ అంటే ఆవిడ చెప్పినట్టే చేద్దాం, అడ్డం పడను. అప్పటిదాకా మీ నాన్న చెప్పిన పనే చేద్దాం. చూద్దాం.

బాప్తిస్మం వాయిదా వెయ్యద్దు. క్రిస్మస్ ముందు ఆదివారానికే నువ్వు సెలవు పెట్టుకుని రా. తొడుగులు లేకుండానే పాస్టరుగారి చేతికిద్దాం. అందరూ చూడనీ.

అయినా కోయించాలనే నీకుంటే, నువ్వే రా. వచ్చి, నీ ఎడమచేత్తో దాని చెయ్యి కదలకుండా పట్టుకో. నీ వేలు దాని వేలి పక్కన పెట్టుకుని, అప్పుడు కొయ్యమని చెప్పు. నేను నీకు చెప్పేది ఇంతే.

ఆదివారం నువ్వు టౌనుకి వెళ్తావుగా, ఫోన్ చెయ్యి. నాకు కాదు, ముందు ఆశకి చెయ్యి. నాతో మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడకు. ఎన్నాళ్ళయినా సరే, అది నాకు తగినదే. కాని మీ నాన్న ఫోటో అక్కడ నీ గదిలో ఉందని వెంకన్న చెప్పాడు. దాని ముందు నిలబడి ఆయనకి ఒక్క మాట చెప్పు. సైకిల్ మంచిదేనని చెప్పు.

కాయితం అయిపోతోంది. బుజ్జమ్మ నా పక్కనే చాపమీద పడుకుని, ఆ రెండు కాయలున్న చేతిని గాలిలోకి ఎత్తి తనే చూసుకుంటోంది. దారపుండ అందేంత దూరంలోనే ఉంది. ఇవాళ కొలవలేదు.

ఇట్లు,
నీ చెయ్యి పట్టుకున్న మీ అమ్మ,
దేవకుమారి.